పది శాతం సరే, ఏ పది శాతం?

శ్రీనివాస సేతు వంతెనకు ఎవరు ఎంత పెట్టారో తిరుపతిలో ఏ టీ బంకు దగ్గర అడిగినా చెప్తారు. టీటీడీ వాటా 67 శాతం, స్మార్ట్ సిటీ వాటా 33 శాతం. 2023లో వంతెన మొత్తం తెరిచేదాకా ఆ వాటాల మీద పేపర్లలోనూ మీటింగుల్లోనూ అంత రచ్చ జరిగింది కాబట్టి జనానికి కంఠతా వచ్చేసింది. అదే మనుషుల్ని పట్టుకుని "మీ కాలనీ వేసిన వెంచర్ ఓనరు ఊరికి ఏమిచ్చాడు?" అని అడగండి. ఏమో అంటారు. రోడ్లేశాడు గదా అంటారు. ఇంకా గట్టిగా అడిగితే, ఆయనెందుకు ఇస్తాడప్పా, మనమే ఆయనకి ఇచ్చాం గదా లక్షలు లక్షలు అంటారు.

ఇవ్వాలి. అదేమీ ఆయన దయాధర్మం కాదు. పొలాన్ని ప్లాట్లుగా కోసి అమ్ముకోనివ్వాలంటే మొత్తం స్థలంలో కనీసం 10 శాతం ఓపెన్ స్పేస్‌గా వదలాలి, లోపలి రోడ్లతో కలిపి దాన్ని పైసా తీసుకోకుండా రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ రాసి పంచాయతీకో మున్సిపాలిటీకో అప్పగించాలి. 2017 లేఅవుట్ రూల్స్ అంటున్నది అదే, అంతకుముందు రూల్సూ ఇంచుమించు అదే అన్నాయి. రోడ్లు, డ్రైన్లు, కరెంటు, నీళ్లు పూర్తి చేసేదాకా 15 శాతం ప్లాట్లు అధికారుల పేరు మీద మార్ట్‌గేజ్‌లో ఉండాలి. పని చేయకపోతే ఆ ప్లాట్లు అమ్మి ఆ డబ్బుతో పని చేయించుకోవచ్చు. కాగితం మీద ఇది చాలా గట్టి ఏర్పాటు, నిజం చెప్పాలంటే చాలా దేశాల్లో ఇంత సూటిగా కూడా ఉండదు. మరి రేణిగుంట రోడ్డులో, కరకంబాడి రోడ్డులో, చంద్రగిరి వైపు, తిరుచానూరు దాటినాక, ఇన్ని వందల ఎకరాలు కాలనీలైపోయాయి కదా, లెక్క ప్రకారం అందులో పదో వంతు పార్కులు ఉండాలి. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని వెతకడానికి బయల్దేరండి, మీకే తెలుస్తుంది.

పది శాతం ఇవ్వలేదని ఎవరూ అనలేరు, ప్లాన్‌లో ఎక్కడో ఒకచోట ఇచ్చే ఉంటారు. మన దగ్గర బేరం 'ఎంత' అనేదాని మీద జరగదు, అది రూల్లోనే రాసేశారు. బేరమంతా ఎక్కడ, ఏ ఆకారంలో, ఎప్పుడు అనేదాని మీదే. ఆ బేరం జరిగే గదిలో డెవలపర్ ఉంటాడు, ఆయన లైసెన్స్డ్ టెక్నికల్ పర్సన్ ఉంటాడు, ప్లానింగ్ సెక్షన్ వాళ్ళు ఉంటారు. రేపు అక్కడ బతకబోయేవాళ్ళు ఉండరు, ఎందుకంటే వాళ్ళింకా ప్లాటే కొనలేదు! వాళ్ళకంటే ముందునుంచీ ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళు ఉండొచ్చు గదా అంటే, వాళ్ళకి చెప్పేవాడెవడు?

మా వెంచర్ సంగతే చెప్తాను, పేరు వద్దు. బ్రోచర్‌లో నట్టనడుమ పచ్చటి పార్కు, ఉయ్యాలలు, వాకింగ్ ట్రాక్, దాని చుట్టూ ప్లాట్లు. 'పార్క్ ఫేసింగ్' అని ఆ వరస ప్లాట్లకి రేటు కూడా ఎక్కువే పెట్టారు. అప్రూవ్ అయిన ప్లాన్ చూస్తే పార్కు నడుమ లేదు, తూర్పు హద్దులో వాగు అంచు వెంబడి సన్నగా పొడుగ్గా ఒక పట్టీ ఉంది, చివర్లో మూలకి వెళ్ళేసరికి మనిషి అడ్డంగా చేతులు చాపితే రెండు పక్కలా తగిలేంత. నడుమ స్థలం? కమర్షియల్ ప్లాట్లు. ప్లానింగ్ సెక్షన్‌లో అడిగితే ఆయన చాలా మర్యాదగానే మాట్లాడాడు, "పది శాతం వచ్చింది గదా సార్, కావాలంటే స్కేలు పెట్టి కొలుచుకోండి, ఇంకేం కావాల మీకు?" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. కొలిస్తే పది శాతం పక్కాగా వస్తుంది. ఎలాగూ ఇల్లు కట్టుకోవడానికి పనికిరాని నేల, అమ్మితే ఎవడూ కొనని నేల, దాన్ని ఊరికి దానం చేసినట్టు రాసి నడిబొడ్డు స్థలాన్ని నిలబెట్టుకున్నారు. 2021 నవంబర్ వానలకి స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారే, అప్పుడు మా 'పార్కు' కూడా ఆ వాగులోనే ఉంది. వాగు పక్కన ఖాళీ వదలడం మంచిదే, వదలాల్సిందే, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ అది వాగు కోసం వదిలింది, పిల్లలు ఆడుకోవడానికి వదిలింది కాదు. రెండు బాకీలు ఒకే నోటుతో తీర్చేస్తానంటే ఎట్లా?

ఇంకో సంగతి, ఇది మాత్రం మా ఒక్కరిదే కాదు. అప్రూవల్ ఇచ్చేది తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ. 1981 నుంచి ఉంది. గిఫ్ట్ డీడ్ పుచ్చుకోవాల్సింది పంచాయతీ, లేదా ఆ ఊరు కార్పొరేషన్ హద్దులో ఉంటే కార్పొరేషన్. తుడాకి వెళ్ళి పార్కు స్థలం ఏమైందంటే, మేం షరతు పెట్టి అప్రూవ్ చేశాం, డీడ్ లోకల్ బాడీకి వెళ్ళుంటుంది, అక్కడ కనుక్కోండి అంటారు. పంచాయతీకి వెళ్తే సెక్రటరీ గారు కొత్తగా వచ్చారు, రికార్డు పాత సెక్రటరీ దగ్గర ఉండాలి. రేపు ఆ పంచాయతీ కార్పొరేషన్‌లో కలిసిందనుకోండి, ఆస్తుల రిజిస్టర్‌లో ఆ పార్కు ఎక్కిందో లేదో చూసే దిక్కుండదు. రిజిస్టర్‌లో లేని స్థలానికి కంచె ఎవరు వేస్తారు? కొన్నేళ్ళు కంపచెట్లు మొలుస్తాయి, తర్వాత ఎవరిదో ఇసుక, కంకర పడుతుంది, తర్వాత రేకుల షెడ్డు. లేదంటే గుడి. గుడి గురించి మాట్లాడకూడదు, అందులోనూ తిరుపతిలో, కానీ ఒక్క మాట అని ఊరుకుంటాను: దేవుడికి ఇవ్వాలని అంత భక్తి ఉంటే సొంత ప్లాటు ఇవ్వొచ్చు.

గిఫ్ట్ డీడ్ అయిందా లేదా తెలుసుకోడానికి మాత్రం ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. చాలామందికి తట్టని విషయం ఇది. మనం ప్లాటు కొనేటప్పుడు ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపించే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తాం గదా, మన ప్లాటుకి మాత్రమే తీసి చూసుకుని జేబులో పెట్టుకుంటాం. లేఅవుట్ ఉన్న సర్వే నంబర్లకి తీయండి. ఆన్‌లైన్‌లోనే వస్తుంది. అందులో డెవలపర్ నుంచి పంచాయతీ పేరు మీదికో మున్సిపాలిటీ పేరు మీదికో గిఫ్ట్ డీడ్ కనిపించాలి, తేదీతో, విస్తీర్ణంతో, హద్దులతో. మార్ట్‌గేజ్ పెట్టిన ఎంట్రీ కనిపించాలి, దాన్ని విడిపించి ఉంటే ఆ రిలీజ్ ఎంట్రీ కూడా. ఆ రిలీజ్ తేదీనీ, పనులు పూర్తయిన తేదీనీ పక్కపక్కన పెట్టి చూడండి. ట్యాంకు కట్టకముందే, డ్రైన్లు పూర్తి కాకముందే మార్ట్‌గేజ్ విడుదలైపోయి ఉంటే, ఇక ఆ డెవలపర్ మీద ఊరికున్న పట్టు మొత్తం ఆ రోజుతో పోయినట్టే. తర్వాత ఎన్ని అర్జీలు పెట్టినా కలెక్టర్ గ్రీవెన్స్‌కి తిరగడం తప్ప ఏమీ ఉండదు. అందుకే అడగాల్సిన కాలం ప్లాట్లు ఇంకా మార్ట్‌గేజ్‌లో ఉన్నప్పుడు. ఆ ఏడాదీ రెండేళ్ళూ కొన్నవాళ్ళంతా ఎవరి ఇంటి ప్లానింగ్ టెన్షన్‌లో వాళ్ళుంటారు, లేదా బెంగళూరులో, చెన్నైలో ఉద్యోగాల్లో ఉంటారు. డెవలపర్‌కి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

రెండో కాగితం ప్లాన్. ఒకటి కాదు, రెండు ప్లాన్లు ఉంటాయి. మొదట టెంటేటివ్ అప్రూవల్ ఇస్తారు, దాని ప్రకారం రోడ్లూ గీడ్లూ వేస్తారు, పనులు చూశాక ఫైనల్ ఇస్తారు. రెండూ అడిగి తీసుకోండి. ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూస్తే చాలు, ఏది ఎక్కడికి జరిగిందో కళ్ళకి కడుతుంది. మారిస్తే తప్పని కాదు, సైట్‌లో రాయి తగలొచ్చు, మాస్టర్ ప్లాన్ రోడ్డు రావొచ్చు. కానీ మార్పు ఎవరు అడిగారు, ఎందుకు ఒప్పుకున్నారు అనేది ఫైల్లో నోట్‌గా ఉండాలి, ఆ నోట్ చదివే హక్కు మనకి ఉంది. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో రిజిస్టర్ అయిన ప్రాజెక్టయితే ఇంకొంచెం బలం. 2016 చట్టం సెక్షన్ 14 ప్రకారం అప్రూవ్ అయిన లేఅవుట్ ప్లాన్‌నీ ఉమ్మడి స్థలాల్నీ మార్చాలంటే కొన్నవాళ్ళలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. సెక్షన్ 12 ప్రకారం ప్రకటనలో, బ్రోచర్‌లో చెప్పిన అబద్ధానికి నష్టపరిహారం అడగొచ్చు. కాబట్టి ఆ రంగురంగుల బ్రోచర్ని పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేయకండి.

ఇదంతా మనకేదో ప్రత్యేకంగా పట్టిన శని అనుకోకండి. ఇంగ్లండులో డెవలపర్ దగ్గర్నుంచి ఊరికి రావాల్సినవి కౌన్సిల్ కూర్చుని బేరమాడి ఒప్పందం రాసుకుంటుంది, 1990 నాటి ప్లానింగ్ చట్టంలో సెక్షన్ 106 కింద. స్కూలుకి ఇంత, రోడ్డుకి ఇంత, తక్కువ ధర ఇళ్ళు ఇన్ని. అక్కడ శాతాలు కూడా బేరమే. డెవలపర్ ఒక లెక్కల పుస్తకం తెచ్చి, మీరడిగినన్ని తక్కువ ధర ఇళ్ళు ఇస్తే నాకు గిట్టదు అంటాడు, ఆ లెక్కలు వ్యాపార రహస్యం కాబట్టి జనానికి చూపించకూడదు అంటాడు. లండన్‌లో సదర్క్ కౌన్సిల్ పరిధిలో హేగేట్ అనే పెద్ద కౌన్సిల్ ఇళ్ళ సముదాయం ఉండేది, వెయ్యికి పైగా ఇళ్ళు, దాన్ని పడగొట్టి కొత్తవి కట్టేటప్పుడు ఇదే జరిగింది. కౌన్సిల్ విధానం 35 శాతం తక్కువ ధర ఇళ్ళు, ఒప్పుకున్నది 25. దాదాపు 2,500 కొత్త ఇళ్ళలో నిజంగా పేదవాడు అద్దె కట్టగలిగేవి వంద కూడా లేవు. ఆ లెక్కలు చూపించమని అక్కడి జనం పట్టుబట్టి సమాచార ట్రిబ్యునల్ దాకా వెళ్తే 2014లో కొంత బయటపెట్టమని తీర్పొచ్చింది. ఇలాంటి గొడవలు చాలా చోట్ల జరిగాక 2018లో అక్కడి ప్రభుత్వం ఈ లెక్కలు మామూలుగా అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పింది. తర్వాత ఇంకో పని కూడా చేశారు, నాకు ఇది ఎక్కువ నచ్చింది: 2020 నుంచి డెవలపర్ల దగ్గర డబ్బు తీసుకునే ప్రతి కౌన్సిలూ ఏటా డిసెంబరు ఆఖరుకల్లా ఒక పత్రం బయటపెట్టాలి, ఈ ఏడాది ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, దేనికి, ఇంకా ఎంత చేతిలో ఉంది అని. బేరం మంచిగా కుదిరిందా లేదా అనేది తర్వాత సంగతి. ముందు వచ్చింది ఎక్కడికి పోయిందో జనానికి తెలుస్తుంది.

మన ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ రెగ్యులరైజేషన్ స్కీము) డబ్బు గుర్తుచేసుకోండి. అనుమతి లేని లేఅవుట్లో ప్లాటు కొన్నవాళ్ళు రెగ్యులరైజ్ చేయించుకోడానికి ఇతర చార్జీలతో పాటు ఓపెన్ స్పేస్ కింద ప్లాటు విలువలో 14 శాతం కట్టాలన్నది 2020 స్కీములో. అంటే ఆ వెంచర్ వేసినవాడు పార్కు వదలకుండా ఆ స్థలం కూడా అమ్ముకుని వెళ్ళిపోయాడు, ఆ లేని పార్కుకి డబ్బు కట్టింది కొన్నవాడు. సరే, కట్టాం. ఆ డబ్బు విడిగా ఒక ఖాతాలో పెట్టి ఆ ప్రాంతంలో సౌకర్యాలకే వాడాలన్నది ఈ స్కీముల్లో ఉన్న షరతు. మీ కాలనీ నుంచి ఎంత పోయింది, మీ కాలనీకి ఎంత తిరిగొచ్చింది? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు నోటీసు బోర్డు మీద అతికించిన ఆఫీసు నేనింతవరకూ చూడలేదు.

2021లో ఇంకో రూలు వచ్చింది, కొంతమందికి గుర్తుండే ఉంటుంది. లేఅవుట్ వేసేవాళ్ళు 5 శాతం స్థలం పేదల ఇళ్ళకి ఇవ్వాలి, అక్కడ వీలుకాకపోతే మూడు కిలోమీటర్ల లోపల ఇంకోచోట ఇవ్వొచ్చు, అదీ కాకపోతే విలువ కట్టి డబ్బు ఇచ్చేయొచ్చు. ఆ రూలు మీద డెవలపర్లు చాలా మొత్తుకున్నారు. నాకు దాని మీద మంచీ చెడ్డా రెండూ అనిపించాయి, కానీ అసలు కిటుకంతా ఆ 'లేదా'ల్లో ఉంది. ఇక్కడ కాకపోతే అక్కడ, స్థలం కాకపోతే డబ్బు, ఇలాంటి ప్రతి 'లేదా' దగ్గరా ఎవరో ఒకరు కూర్చుని ఒకటి ఎంచుకుంటారు. ఏది ఎంచుకున్నారో, ఎందుకో, మనకి తెలియదు. 2025 మొదట్లో లేఅవుట్, బిల్డింగ్ రూల్స్ మళ్ళీ సడలించారు, రియల్ ఎస్టేట్ పుంజుకోవాలని. పుంజుకోనీ. రూల్స్ ఎంత సడలితే అధికారి చేతిలో అంత వెసులుబాటు, ఆ వెసులుబాటు ఎలా వాడారో చూడాల్సిన పని అంత పెరుగుతుంది. రోడ్లకి స్థలం పోయినవాళ్ళకి డబ్బుకి బదులు ఇచ్చే టీడీఆర్ బాండ్ల మీద మన ఊళ్ళో ఎంత దుమారం రేగిందో చూశాం. అది కూడా ఫైళ్ళు మూసి ఉన్నప్పుడు కాదు, నాలుగు కాగితాలు బయటికొచ్చాకే రేగింది.

"ఇట్లా గుచ్చి గుచ్చి అడిగితే డెవలపర్లు ఇక్కడికి రారన్నా, శ్రీకాళహస్తి వైపో నాయుడుపేట వైపో పోతారు" అని మా అసోసియేషన్‌లోనే ఒక తమ్ముడు వాదించాడు. ఆయన ప్లాట్లు అమ్మించే పని కూడా చేస్తాడు, అది వేరే సంగతి. ఎక్కడికీ పోరు తమ్ముడూ. ఏటా కోట్లమంది వచ్చే కొండ కింద స్థలం వదిలి ఎక్కడికి పోతారు? పైగా రూల్లో ఉన్నది ఇవ్వమంటే నిక్కచ్చిగా వ్యాపారం చేసే డెవలపర్‌కి మేలే. నడుమ స్థలం నిజంగా పార్కుకి వదిలినవాడు, వాగు పట్టీ చూపించి తప్పించుకున్నవాడితో రేటులో ఎట్లా పోటీపడతాడు? అట్లా వదిలినవాళ్ళూ ఉన్నారు, తిరుపతిలోనే, వాళ్ళ కాలనీల్లో సాయంత్రం వెళ్తే ముసలివాళ్ళు బెంచీల మీద కూర్చుని ఉంటారు, నాకు చచ్చేంత అసూయ.

ఇక ఆర్టీఐ, సమాచార హక్కు చట్టం. తుడాకో కార్పొరేషన్‌కో అయితే పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు, ఇవి అందరికీ తెలుసు. ఎక్కువమంది చేసేది, "మా లేఅవుట్‌లో జరిగిన అక్రమాల వివరాలు ఇవ్వగలరు" అని రాయడం. అక్రమాల ఫైలని ఏ ఆఫీసులోనూ ఉండదు, "సమాచారం లేదు" అని జవాబు వస్తుంది, ఆ జవాబు సరైనదే! కాగితం పేరు పెట్టి అడగాలి: ఫలానా ఎల్పీ (లేఅవుట్ పర్మిషన్) నంబరు టెంటేటివ్ ప్లాన్, ఫైనల్ ప్లాన్, గిఫ్ట్ డీడ్ నకలు, మార్ట్‌గేజ్ విడుదలకి ముందు చేసిన సైట్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, కట్టిన చార్జీల చలానాలు. నకళ్ళ కంటే ఫైలు చూసే అనుమతి అడగడం ఇంకా మంచిది, చట్టంలో ఉంది, మొదటి గంటకి ఫీజు కూడా లేదు. ఫైలు చేతికొస్తే మీరు అడగాలని అనుకోని కాగితాలు కూడా అందులోనే కనిపిస్తాయి. వ్యాపార రహస్యమని సెక్షన్ 8 కింద ఆపొచ్చు, కానీ గిఫ్ట్ డీడ్‌లో రహస్యమేముంది, అది ఊరి ఆస్తి దస్తావేజు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే అలాంటివి కూడా ఇవ్వాలని అదే సెక్షన్‌లో ఉంది. అన్నట్టు, కార్పొరేషన్ హద్దులో ఉంటే వార్డు సచివాలయంలో ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ సెక్రటరీ అని ఒక కుర్రాడో అమ్మాయో ఉంటారు, ముందు వాళ్ళని అడగండి. పాపం వాళ్ళకీ ఎవరూ ఈ కాగితాలు ఇచ్చుండరు, మనం అడిగితేనైనా పైవాళ్ళని అడుగుతారు.

మన కార్పొరేషన్ కౌన్సిల్ మీటింగులు జరిగేటప్పుడు టేబుల్ అజెండా మీద ఒక కన్నుండాలి. ముందుగా పంచిన అజెండాలో లేకుండా అప్పటికప్పుడు పెట్టి ఆమోదించే అంశాలు. డ్రైన్ పూడిక తీతలాంటి అర్జెంటు పనులకి అవసరమే, కాదనను. ఓపెన్ స్పేస్ వాడకం మార్చడం, లీజుకి ఇవ్వడం మాత్రం ఏ రోజూ అంత అర్జెంటు కాదు. 1991లో సుప్రీంకోర్టు బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్ కేసొకటి తేల్చింది, పార్కుకి వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకి ఇచ్చారు, చుట్టుపక్కల జనం కోర్టుకెళ్ళారు. ఆసుపత్రి కూడా ప్రజలకి మేలే గదా అని వాదించారు, కోర్టు ఒప్పుకోలేదు, పార్కు పార్కుగానే ఉండాలంది. కేసు వేసింది అక్కడ కాపురముండే మామూలు మనుషులే, కేసు వేసే హక్కు వాళ్ళకి ఉందని కూడా కోర్టు గట్టిగా చెప్పింది.

మేం ఇప్పుడు అడుగుతున్నది చాలా చిన్నది. అప్రూవ్ అయిన లేఅవుట్ల జాబితాలో ప్రతి ఎల్పీ నంబరు పక్కన నాలుగు గడులు కలపండి: ఓపెన్ స్పేస్ ఎంత, గిఫ్ట్ డీడ్ నంబరూ తేదీ, మార్ట్‌గేజ్ విడుదల తేదీ, ఇప్పుడు ఆ స్థలం ఎవరి అధీనంలో ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కన్సల్టెంట్ అక్కర్లేదు, ఒక ఎక్సెల్ షీటు చాలు. ఇదే అర్జీ తుడాకి ఒకటి, పంచాయతీకి ఒకటి, ఇద్దరూ ఒకరి మీదొకరు నెట్టుకోకుండా ఒకరికిచ్చిన కాపీ ఇంకొకరికి జత చేసి ఇచ్చాం. మీ కాలనీ తరఫున కూడా ఇదే రాసి ఇవ్వండి, కావాలంటే మా అర్జీ కాపీ పంపిస్తాను, పేర్లు మార్చుకుంటే సరిపోతుంది. ఈసీ తీసేటప్పుడు మాత్రం సర్వే నంబరు ఒక్కటే ఇవ్వకండి, సబ్‌డివిజన్లన్నీ విడివిడిగా ఇచ్చి, లేఅవుట్ అప్రూవల్‌కి రెండేళ్ళ ముందు నుంచి పెట్టండి, లేకపోతే ఏదో ఒక ముక్క మీద ఉన్న ఎంట్రీ మీ కంటబడకుండా పోతుంది.